కాడి దించిన తండ్రి

హెబ్రీ లేఖనాలు మతగ్రంథాలని పక్కన పెట్టడం మన అభ్యుదయ సాహిత్యకారులకు అలవాటైంది. నష్టపోయింది మనమే. హోషేయ గ్రంథం 11వ అధ్యాయం నా దృష్టిలో ముందు గొప్ప కవిత్వం. క్రీ.పూ. 8వ శతాబ్దం ఉత్తరార్ధంలో, క్రీ.పూ. 722లో అష్షూరుకు కూలిపోబోయే ఇశ్రాయేలు రాజ్యం దాని నేపథ్యం. దారి తప్పిన ప్రజను తలచుకొని దేవుడు అందులో కన్నతండ్రిలా బాధపడతాడు. చెయ్యి పట్టి నడక నేర్పిన బిడ్డే పిలిచినకొద్దీ దూరమయ్యాడని అతని గోడు.

ధర్మవరంలో కొందరు మిత్రుల మధ్య ఈ అధ్యాయం చదివాను. మగ్గం నేసే పెద్దాయన ఒకరు విని, "మా సావుకారు గూడా ఇట్లే అంటాడు సార్, మిమ్మల్ని బిడ్డల మాదిరి సూసుకుంటాండా గదప్పా అని. కూలి పెంచమంటే బిడ్డలు చెడిపోయినారంటాడు" అన్నారు.

ఈ ప్రశ్నను దాటవేసే విమర్శ విమర్శ కాదు. పెనుకొండ వంటి కోటల్లో రాజులను పొగిడినవారి నుంచి, హిందూపురం బెల్లం మండీలో హమాలీలకు బుద్ధులు చెప్పే యజమాని దాకా, 'కన్నబిడ్డలు' అన్నది పాలకవర్గానికి అక్కరకొచ్చే మాటే. హోషేయ చూపిన తండ్రి కూడా ఆ కోవలోవాడేనా?

కాదని నా అభిప్రాయం. ఈ పితృత్వం దాస్య విమోచనతో మొదలవుతుంది. ఐగుప్తు నుంచి పిలుచుకొన్నవాడే ఇక్కడ కుమారుడు. నిర్గమకాండంలోనూ ఇశ్రాయేలు తన పెద్దకొడుకన్న కబురును దేవుడు పంపింది బానిసలను పట్టి ఉంచిన ఫరోకు. రెండోది, నాలుగో వచనంలోని కాడి. హెబ్రీ హల్లులను అచ్చులు మార్చి చదివి, అక్కడున్నది పసిబిడ్డను చెక్కిలికి ఎత్తుకోవడమని కొందరు పండితులంటారు. తెలుగు బైబిలు కాడినే నిలిపింది. ఎద్దు మెడమీది కాడి దించి మేత పెట్టడం మన మెట్టరైతుకు విడమరచి చెప్పనక్కరలేదు. సావుకారు ప్రేమలో మేత ఉండవచ్చు. కాడి మాత్రం దిగదు. మూడోది, తిరగబడ్డ కొడుకును ఊరి పెద్దలకు అప్పగించి రాళ్లతో కొట్టించమంటుంది ద్వితీయోపదేశకాండం 21వ అధ్యాయం. ఇక్కడి తండ్రి శిక్షిస్తానని బెదిరించి కూడా, నిన్నెలా విడిచిపెట్టేదని తనను తానే నిలదీసుకొంటాడు. అధికారం తన చెయ్యి తానే పట్టుకొని ఆపుకొంటుంది.

అయితే మనం భక్తులుగా చదవనక్కరలేదు. రెండధ్యాయాలు దాటగానే ఇదే దేవుడు పిల్లలను పోగొట్టుకొన్న ఎలుగుబంటిలా మీదపడతానంటాడు. పైగా ఈ అధ్యాయం పొడుగునా మాట్లాడేది తండ్రే. బిడ్డ నోట ఒక్క మాట లేదు. ఆ లోటు తెలుగులో జాషువా తీర్చాడు. 1941 నాటి 'గబ్బిలం'లో వెలివేయబడిన బిడ్డే దేవుడికి కబురు పంపాడు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి పాఠం చెప్పే తెలుగు తరగతి నాకింకా కనబడలేదు.

ప్రేమను కథావస్తువుగా తీసుకొనే యువ రచయితలకు నా మనవి ఒకటే. పాత్ర నోట 'బిడ్డ' అన్న మాట పలికించే ముందు, ఆ బిడ్డ మెడమీద కాడి ఉందో లేదో చూడండి. ధర్మవరం పెద్దాయన అడిగింది అదే.