కోరా ఫొటోకు రంగు లెక్క

మహారాష్ట్రలోని భీవండి సాంచాల (మరమగ్గాల) మీద నుంచి దిగేది ఎక్కువగా కోరా బట్టే, అంటే ఇంకా రంగు వేయని బట్టే. గైబీ నగర్‌లో నేసినా, మన పద్మశాలీలు స్థిరపడ్డ పద్మానగర్‌లో నేసినా, అది ప్రాసెస్ హౌస్‌కు వెళ్లి వచ్చాకే అంగడి సరుకవుతుంది. కెమెరా తీసే రా ఫైలు కూడా కోరా బట్టలాంటిదే. అందులో ఉండేది వెలుతురు కొలతలు. వాటిని ఏ రంగుగా చదవాలో చెప్పేది కలర్ ప్రొఫైల్. డిజైన్లను వాట్సాప్‌లో పంపి బేరం కుదుర్చుకునే ఈ రోజుల్లో ఫొటోలో ఒక రంగు, పార్సిల్‌లో ఇంకో రంగు వస్తే నష్టం వ్యాపారికే. అందుకే ఈ లెక్క తెలుసుకోవడం మంచిది.

సెన్సార్‌కు రంగు తెలియదు. ఎంత వెలుతురు పడిందో మాత్రమే తెలుసు. అందుకే దాని మీద గళ్ల బట్టలా చిన్న చిన్న రంగు ఫిల్టర్లు పరుస్తారు. కోడక్ ఇంజనీరు బ్రైస్ బేయర్ పేరిట 1976లో పేటెంటైన ఈ అమరికలో సగం గళ్లు ఆకుపచ్చవి, పావు వంతు ఎర్రవి, పావు వంతు నీలివి. ఒక్కో గడిలో ఒక్క రంగు కొలతే ఉంటుంది కాబట్టి, మిగతా రెండింటినీ పక్క గళ్లను చూసి సాఫ్ట్‌వేర్ అంచనా కడుతుంది. ఈ దశలో బొమ్మను ఉన్నదున్నట్టు చూస్తే మసకగా, పచ్చగా కనిపిస్తుంది.

ఆ తర్వాత తెల్లది తెల్లగా కనబడేలా వైట్ బ్యాలెన్స్ సరిచేస్తారు. ఒక కంపెనీ కెమెరా చూసే ఎరుపు, మరో కంపెనీ కెమెరా చూసే ఎరుపు ఒకటి కావు. రెండూ మన కంటి ఎరుపూ కావు. ఈ తేడాను సర్దేదే ప్రొఫైల్. మనిషి కంటిచూపును అంకెల్లో పెట్టిన ప్రమాణం 1931లో వచ్చింది. తొమ్మిది అంకెల చిన్న పట్టికతో కెమెరా కొలతలను ఆ ప్రమాణంలోకి మారుస్తారు. ఫొటోలు సరిదిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్ వాడే ప్రొఫైళ్లలో సాధారణంగా ఇలాంటి పట్టికలు రెండుంటాయి: ఒకటి పాతకాలపు బల్బు వెలుతురుకు, ఇంకొకటి పగటి వెలుతురుకు. ఫొటో తీసిన వెలుతురు ఈ రెంటి మధ్య ఎక్కడుందో చూసి సాఫ్ట్‌వేర్ పాళ్లు కలుపుతుంది. దీనిపైన అందం కోసం ఇంకో పొర ఉంటుంది. ‘వివిడ్’ ఎంచుకుంటే ముదురుగా, ‘న్యూట్రల్’ ఎంచుకుంటే నెమ్మదిగా కనబడటం ఆ పొర వల్లే. పెళ్లి ఆల్బమ్‌కు ‘వివిడ్’ బాగుంటుంది. చీరల క్యాటలాగ్‌కు మాత్రం అది పనికిరాదు.

కొన్ని ఎల్ఈడీలు, ట్యూబ్‌లైట్ల వెలుతురులో కొన్ని రంగుల పాలు మరీ తక్కువ. అక్కడ కంపెనీ ప్రొఫైల్ తడబడుతుంది. అలాంటప్పుడు 24 రంగు గళ్ల చార్టును బట్ట పక్కన, అదే వెలుతురులో పెట్టి ఒక ఫొటో తీస్తే చాలు. ఒక్కో గడి అసలు విలువ ముందే తెలుసు కాబట్టి, తేడాలు చూసి ఆ కెమెరాకు, ఆ వెలుతురుకు సొంత ప్రొఫైల్ తయారవుతుంది. బూడిద రంగు గడి మీద నొక్కితే వైట్ బ్యాలెన్స్ కూడా కుదురుతుంది. కిటికీ వెలుతురు, ట్యూబ్‌లైటు కలిసిన చోట మాత్రం ఏ చార్టూ కాపాడలేదు. రెంటిలో ఒకటి ఆపేయాల్సిందే.

ప్రొఫైల్‌కూ హద్దులున్నాయి. 2006లో వచ్చిన లైకా ఎం8 కెమెరాలో నల్లని సింథటిక్ బట్టలు వంగపండు రంగులో పడ్డాయి. ఆ బట్టలు కంటికి కనబడని పరారుణ కిరణాలను బాగా వెనక్కి పంపుతాయి. వాటిని అడ్డుకునే ఫిల్టర్ ఆ కెమెరాలో పలచగా ఉంది. సెన్సార్ దగ్గరే కలిసిపోయిన కొలతలను తర్వాత పూర్తిగా విడదీయడం కుదరదు. చివరికి కంపెనీ లెన్స్ ముందు పెట్టే ఫిల్టర్లు ఇవ్వాల్సి వచ్చింది. పాలిస్టర్ బట్ట ఫొటోలు తీసేవారు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇది. రెండు బట్టలు ఒక వెలుతురులో ఒకే రంగుగా, మరో వెలుతురులో వేరుగా కనబడటం కూడా ప్రొఫైల్ చేతిలో లేదు. అందుకే అద్దకం మిల్లుల్లో నమూనాను రకరకాల లైట్లున్న పెట్టెలో పెట్టి పోల్చి చూస్తారు.

ఇంత చేశాక ఫొటోను ఫోన్‌కు పంపేటప్పుడు 1996 నాటి ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల ప్రమాణంలోకి మార్చడం మరవకూడదు. విశాలమైన రంగుల పరిధిలో ఉన్న ఫైలు అలాగే వెళితే, ప్రొఫైల్‌ను చదవని యాప్‌లో వెలిసిపోయినట్టు కనబడుతుంది. కొనేవాడి ఫోన్ తెర మన చేతిలో లేదు. కానీ మనం పంపిన రంగు సరైనదని చూపడానికి చార్టు ఫొటో ఉంటుంది. పేచీ వస్తే మాట్లాడుకోవడానికి ఒక ఆధారమైనా మిగులుతుంది.