అడ్డగీత

ఆదివారం పొద్దున్నే మా మేడ మీదికి ఆరుగురు పిల్లలొస్తారు. నలుగురిది ఇంటర్, ఇద్దరిది బీటెక్. సైబర్ సెక్యూరిటీ కావాలట. మొదటి రోజు ప్రతివాళ్లూ అడిగేది ఒకటే: "సార్, కాలీ లైనక్స్ ఎప్పుడు వేసుకోవాలి?" సినిమాల్లోలా నల్ల తెర మీద పచ్చ అక్షరాలు పరిగెత్తాలి మరి!

నేను మాత్రం ఓవర్‌దవైర్ వాళ్ల 'బ్యాండిట్' ఆట ముందు కూర్చోబెడతాను. పైసా ఖర్చులేదు. దాచిన పాస్‌వర్డ్ దొరికితేనే పై మెట్టు. మొదట్లోనే ఒక ఫైలు తగులుతుంది. దాని పేరు ఉత్త అడ్డగీత. ఫైలు చదివే 'క్యాట్' కమాండ్ కొట్టి ఆ గీత పెడితే ఏమీ రాదు, కర్సర్ మిణుకుమంటూ ఉంటుంది. ఎంసెట్ బిట్లు నిద్రలో కూడా చెప్పే కుర్రాడు అరగంట ఎంటర్ నొక్కుతూనే ఉన్నాడు. వెనకున్న అమ్మాయి నోట్‌బుక్‌లో రాసుకుంది: "ఆగిపోలేదు. నేనేదో చెప్తానని చూస్తోంది."

నిజమే. క్యాట్‌కి ఆ గీత ఫైలు కాదు, కీబోర్డు నుంచి చదవమన్న మాట. గీతకు ముందు చుక్క, స్లాష్ పెట్టేసరికి పాస్‌వర్డ్ బయటపడింది. మనం పేరనుకున్నది యంత్రానికి ఆజ్ఞ అయింది. డేటాబేస్‌ల మీద జరిగే ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ దాడి దూరేదీ ఈ సందులోంచే. కార్నెగీ మెలన్ యూనివర్సిటీ 2013 నుంచి స్కూలు పిల్లలకు నడుపుతున్న పికోసీటీఎఫ్ పోటీలోనూ ఇలాంటి ముడులే ఉంటాయి. బట్టీ పట్టినవాడికి అవి లొంగవు.

ఒక వారం ఇంకో కుర్రాడు ఛాతీ విరుచుకుంటూ వచ్చాడు. వాళ్ల కాలేజీ మార్కుల పేజీ అడ్రసులో నంబరు మారిస్తే పక్కవాడి మార్కులు కనిపించాయట. పాఠం ఆపి, ఐటీ చట్టం 66వ సెక్షన్ వాడిచేతే చదివించాను. దురుద్దేశంతో అనుమతి లేకుండా చొరబడితే మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మొహం పాలిపోయింది. ఇక నంబర్లు మార్చనని ఒట్టు పెట్టించి, కాలేజీకి ఉత్తరం రాయమన్నాను. మొదటి కాపీలో "మీ సైట్ వేస్ట్" అని ఉంది. నాలుగో కాపీకి ఏం చూశాడో, ఎలా చూశాడో, ఎక్కడ సరిచేయాలో మూడు పేరాల్లో వచ్చింది. ఈ ఉద్యోగంలో సగం జీతం ఆ మూడు పేరాలకే ఇస్తారని నా లెక్క. మన కోచింగుల్లో నేర్పనిదీ అదే.

కాలేజీ జవాబివ్వలేదు. పేజీ మాత్రం పదిహేను రోజుల్లో బాగుపడింది.

వాడిప్పుడు బ్యాండిట్‌లో పన్నెండో మెట్టు మీదున్నాడు. అక్కడి ఫైలు మూట విప్పితే మూట. విప్పిన ప్రతిదీ రాసుకుంటున్నాడు, నేను చెప్పకుండానే.