గాలి పైకి లాగుతుంది

శ్రీకాకుళం, విశాఖ తీరంలో రేకుల ఇల్లు వేసుకునేవాళ్లు దుకాణంలో ముందు అడిగేది ధర, ఆ తర్వాత రంగు. స్క్రూలు, వాషర్ల సంగతి మేస్త్రీకి వదిలేస్తారు. అసలు బేరమంతా వాటి దగ్గరే జరగాలని నా పట్టుదల.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. ఆ తర్వాత పొలాల్లో పడున్న రేకులను చూస్తే చాలావాటికి ఒళ్లు బాగానే ఉంది. స్క్రూ దిగిన చోట చిల్లు మాత్రం సాగి చీలిపోయింది. గాలి కప్పును అణగదొక్కుతుందని అనుకుంటాం. నిజానికి కప్పు మీదుగా గాలి దూసుకుపోయేటప్పుడు అక్కడ పీడనం తగ్గి రేకు పైకి లేస్తుంది. వసారాలోంచి, తెరిచిన తలుపులోంచి చొరబడిన గాలి కింది నుంచి నెడుతుంది. ఈ లాగుడూ నెట్టుడూ చూరు అంచుల్లో, మూలల్లో, కొప్పు వెంట మహా తీవ్రం. కాబట్టి అక్కడ స్క్రూలు దగ్గర దగ్గరగా పడాలి. పైన పెట్టే రాళ్లు, ఇసుక మూటలు ఈ పని చేయలేవు. పెనుగాలికి రాయి దొర్లి కింద ఉన్నవాళ్ల మీద పడే ప్రమాదం వేరే.

కొనేటప్పుడు రెండు విషయాలు నిలదీసి అడగండి: రేకు మందం, జింకు పూత. గేజ్ అంకె పెరిగేకొద్దీ రేకు పల్చన. రంగు రేకుకు చెప్పే మందం ఉక్కుదా, పూతలన్నీ కలిపినదా? జింకు పూత రెండు వైపులా కలిపి చదరపు మీటరుకు 120 గ్రాములూ ఉంటుంది, 275 గ్రాములూ ఉంటుంది. ఉప్పుగాలి తగిలే ఊళ్లో ఆ తేడా కొన్నాళ్లకు తుప్పై కనిపిస్తుంది.

ముడతల రేకుకు స్క్రూ మిట్ట మీద పడాలి, నీళ్లు పారే పల్లంలో కాదు. "గట్టిగా బిగిస్తే కారదు కదండీ" అంటారు కుర్రాళ్లు. రబ్బరు వాషర్ కాస్త పరుచుకోగానే చెయ్యి ఆపాలి. నలిగిపోయిన రబ్బరు ఎండకు త్వరగా పగులుతుంది. గ్రైండర్‌తో కోస్తే ఆ వేడికి అంచు పూత మాడిపోతుంది, కత్తెరే నయం. చిల్లులు పొడిచినప్పుడు రాలిన ఇనుప రజను ఆ సాయంత్రమే ఊడ్చేయాలి. మంచు తగిలితే తుప్పుపట్టి కొత్త రేకు మీద మచ్చలేస్తుంది. ఈ ఊడ్పు కూలి లెక్కలో ఉండదు గనక ఇంటివాళ్లే దగ్గరుండి చేయించుకోవాలి.

తుఫాన్ల కాలం అక్టోబర్‌లో ముదురుతుంది. సెప్టెంబర్‌లోనే, వాన తెరిపిచ్చిన పూట నిచ్చెన వేయించండి. తడి రేకు జారుతుంది, ఎక్కొద్దు. అడుగు రేకు మధ్యలో పడకుండా కింద వాసం ఉన్న వరసలోనే నడవాలి. పేరుకున్న వేపాకు తీసేసి, వదులైన స్క్రూలు బిగించి, పగిలిన వాషర్లు మార్పించండి. మొదలు మాత్రం చూరు మూలల నుంచి పెట్టించండి.