రైలు అప్పటికే వెళ్లిపోయెనా?

గో, వెంట్, గాన్ అని క్రియలకు మూడేసి రూపములు వల్లె వేయించి, పాస్ట్ పర్ఫెక్టు వాక్యములోని ‘హాడ్’ను కర్తకు ముందునకు జరిపి, చివర ప్రశ్నార్థక చిహ్నముంచుమని చెప్పినంతనే పాఠము ముగిసినదని తలంచు పద్ధతి మన బడులలో చిరకాలముగ పాతుకొనియున్నది. ‘హి హాడ్ గాన్’ అనునది ‘హాడ్ హి గాన్?’ అగుట నిజమే. ‘హాడ్’ తానే సహాయక క్రియ గనుక అచట ‘డిడ్’కు పని లేదు, ‘డిడ్ యు హాడ్ గాన్’ అని వ్రాయు పిల్లవాడు ఒక కాడికి ఇద్దరు కాపులను పిలిచినవాడగును. ‘వేర్’, ‘వై’ మున్నగు ప్రశ్నపదములు ‘హాడ్’కును ముందు నిలుచును, ‘హూ’ తానే కర్తయైనచో మాత్రము ‘హూ హాడ్ టేకెన్ ది బుక్?’ అన్నట్లు ఏ పదమును కదలదు.

క్రియాంతమున దీర్ఘమిచ్చి ‘వెళ్లినాడా’ అనినంతనే ప్రశ్న సిద్ధించు భాషలో పెరిగిన మనకు, పదముల వరుసనే తారుమారు చేయవలసివచ్చుట కొంత ఎబ్బెట్టుగనే తోచును. అయినను అది నాలుగు దినముల అభ్యాసముతో తీరిపోవు చిక్కు.

అసలు చిక్కు వేరొకచోట నున్నది. ‘డిడ్ ది ట్రెయిన్ లీవ్ వెన్ యు రీచ్డ్ ది స్టేషన్?’ అనినచో, మీరు స్టేషను చేరగనే రైలు కదలెనా యని అర్థము. ‘హాడ్ ది ట్రెయిన్ లెఫ్ట్ వెన్ యు రీచ్డ్ ది స్టేషన్?’ అనినచో, మీరు చేరుసరికే అది వెళ్లిపోయియుండెనా యని అర్థము. మొదటి ప్రయాణికునికి రైలు కనబడినది, రెండవవానికి ఖాళీ ప్లాట్‌ఫారము మిగిలినది. ఇదే భేదము న్యాయస్థానమున ఎంత దూరము పోగలదో చూడుడు: ‘హాడ్ హి డైడ్ వెన్ యు కేమ్?’ అని వకీలు అడిగిన ప్రశ్నకు అవునను సాక్షి శవమును చూచినవాడు; ‘డిడ్ హి డై వెన్ యు కేమ్?’ అనుదానికి అవునను సాక్షి మరణమునే చూచినవాడు.

అట్లని గడచిన ప్రతి సంగతికిని ‘హాడ్’ తగిలించుట పాండిత్యము గాదు. ‘బిఫోర్’ అను మాట ముందువెనుకలను తేటపరచుచుండగ ‘డిడ్ యు ఈట్ బిఫోర్ యు లెఫ్ట్?’ అనుట నిర్దుష్టమే. ‘హాడ్ యు హాడ్ యువర్ మీల్స్?’ అని అదే పదము రెండుమారులు వినబడినపుడు పిల్లలు నవ్వుకొందురు. మొదటిది సహాయకము, రెండవది భోజనము చేయుటను తెలుపు క్రియ. ‘హాడ్ ఐ నోన్’ అని మొదలగునది ప్రశ్నయే కాదు, తెలిసియుండినచో అను పశ్చాత్తాపము.

కావున ఉపాధ్యాయులకు నా విన్నపమొక్కటే: ఒంటరి వాక్యమునిచ్చి ప్రశ్నగ మార్చుమనుట మాని, గడచిన రెండు సంఘటనలను చెప్పి, వానిలో ఏది ముందు జరిగినదో పిల్లలచేతనే ఇంగ్లీషున అడిగింపుడు.