మోడు కొట్టిన కానుగ

కర్ణాటకలోని మిట్టేమరి వైపు చెరువు కింది మళ్లలో ఈ వారం ఎరువుగా ఆకు తొక్కుతున్నారు. ఆ ఆకు కోసం గట్టు మీది కానుగను ఒక్క రెమ్మ మిగలకుండా కొట్టేశారు. రెండు నెలల కిందట దాని కింద నేలంతా లేత ఊదా పూలు పరుచుకుని ఉండేవి. ఇప్పుడా మోడును చూసి కాలమిస్టుకు కడుపు మండింది.

ఈ శీర్షిక పాత పాఠకులకు ఆ మంట కొత్త కాదు. కానుగను ఏడాది పొడవునా చూడాలని ఇక్కడ చాలాసార్లే రాశారు. చలి తగ్గే వేళ ఆకు రాలుస్తుంది. ఎండ ముదిరేలోపే చిగురించి, పక్క చెట్లు బోసిపోయి ఉండగా తాను నీడ పరుస్తుంది. లేతాకు నూనె రాసినట్టు మెరుస్తుంది. తరవాత పూత, తేనెటీగల రొద. వానలకు ముదిరిన ఆకుల మీద పురుగు తొలిచిన తెల్లటి వంకర గీతలు కనిపిస్తాయి. వాటిని తెగులని ఈసడించేవాళ్లతో కాలమిస్టుకు ఎప్పుడూ పేచీయే. ఆ గీతలతోనే చెట్టు నిక్షేపంగా బతుకుతుంది. కాయ ముదరడానికి పది నెలలు పడుతుంది. పోయిన వేసవి పూత కాయగా ఎండి రాలేసరికి కొత్త పూత దగ్గరపడుతుంది.

అందుకే కొమ్మ కొడితే ఏడాది కాయ పోయినట్టే. గింజలో సుమారు మూడో వంతు నూనె. చేదుగా ఉంటుంది, వంటకు పనికిరాదు. దీపాలకూ సబ్బులకూ వాడారు. బెంగళూరు ఐఐఎస్సీలో ఉడుపి శ్రీనివాస ఆ నూనెతో డీజిల్ ఇంజన్లు తిప్పి చూపించారు. పిండగా మిగిలిన చెక్క పొలానికి ఎరువు. ఇంత ఇచ్చే చెట్టును మోడు చేయడమేమిటని ఈ వారం గట్టిగా రాయాలనే కాలమిస్టు కూర్చున్నారు.

కానీ మిట్టేమరి దారిలోని నీలగిరి తోపులు ఆ మాట అననివ్వలేదు. మిట్టేమరి ఉన్న తాలూకా కోలారు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1980లలో, సామాజిక అడవుల పేరిట ఆ జిల్లాలో నీలగిరిని విరివిగా నాటించారు. దాని ఆకు మేక ముట్టదు, మడిలో తొక్కడానికీ పనికిరాదు. కలప అమ్ముకోవడానికే పెంచారు. కర్ణాటక ప్రభుత్వం 2017లో కొత్తగా నీలగిరి నాటడాన్ని నిషేధించే నాటికి చాలా మెట్ట భూములు దాని కిందికి వెళ్లిపోయాయి.

ఎరువు బస్తాలూ బోరు నీళ్లూ వచ్చిన పొలాల్లో ఇంకో మార్పు కనిపిస్తుంది. అక్కడ ఆకుతో పని లేదు. కానుగ కొమ్మను కొట్టేవాళ్లూ లేరు. టమాటా మీద నీడ పడుతోందని చెట్టునే వేళ్లతో పెకలిస్తున్నారు. ఏటా కత్తి పడే చెరువు కింది గట్ల మీదే కానుగలు ఇంకా నిలిచి ఉన్నాయి. మోడు కొట్టినా కానుగ గుబురుగా చిగురిస్తుంది. దాని వేళ్ల బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి ఉంచుతాయి, ఆ సారమే ఆకుతో మడికి చేరుతుంది.

కాబట్టి కొట్టొద్దని కాలమిస్టు ఇక అనరు. గట్టు మీద నాలుగు చెట్లుంటే ఈ ఏడు రెండింటి ఆకు కోసి, రెండింటిని కాయకు వదలమని మాత్రం అడుగుతున్నారు. ఒక్కటే ఉంటే పైన రెండు కొమ్మలైనా ఉంచాలి.