మచ్చను చదివేదెవరు?

చిత్రహింసలు తప్పించుకొని పరాయి దేశంలో ఆశ్రయం అడిగేవాళ్ళ గురించి రాసేవాళ్ళు 'పునరావాసం', 'కోలుకోవడం' అనే మాటల్ని చాలా తేలిగ్గా వాడేస్తున్నారు. డాక్టరు, మందులు, కౌన్సెలింగు ఉంటే మనిషి మళ్ళీ మామూలైపోతాడన్నట్టు. మా పేచీ ఇక్కడే. దెబ్బలు తిన్న మనిషికి మందుకన్నా ముందు తన మాట నమ్మేవాళ్ళు కావాలి. ఆశ్రయం ఇస్తామనే రాజ్యాలు మొట్టమొదట ఎగ్గొట్టేది దాన్నే.

ఒక కేసు చూద్దాం. శ్రీలంక నుంచి ఒక తమిళుడు 2011లో బ్రిటన్ వచ్చి ఆశ్రయం అడిగాడు. కోర్టు కాగితాల్లో ఆయన పేరు కె.వి. అనే రెండక్షరాలే. ఎల్‌టిటిఇ కోసం నగలు కరిగించే పని చేశానని, ప్రభుత్వ బలగాలు పట్టుకొని కాల్చిన ఇనుప కడ్డీలతో వాతలు పెట్టాయని చెప్పాడు. వీపు మీద ఐదు పొడుగు మచ్చలు, కుడి చేతి మీద రెండు పొట్టివి. మచ్చలు లేవని ఎవరూ అనలేదు. అయితే ఆశ్రయం కోసం ఆయనే ఎవరిచేతనో వాతలు పెట్టించుకున్నాడని ట్రిబ్యునల్ తేల్చింది! 2017లో అప్పీలు కోర్టు మెజారిటీ కూడా దాన్నే నిలబెట్టింది. చివరికి 2019 మార్చిలో అక్కడి సుప్రీంకోర్టు, ఆశ్రయం కోసం అట్లా ఒళ్ళు కాల్పించుకున్న దాఖలాలు దాదాపుగా లేవని చెప్పి, కేసును మళ్ళీ విచారించమన్నది. దేశంలో అడుగుపెట్టిన ఎనిమిదేళ్ళకు వచ్చింది మళ్ళీ విచారణ! ఆ ఎనిమిదేళ్ళూ మనిషి ఏం కోలుకుంటాడు?

ఇది చదివినప్పుడు మాకేం వింతనిపించలేదు. మా చిన్నాయన్ని స్టేషన్లో కొట్టి వదిలేస్తే సర్టిఫికెట్ కోసం ఒక ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరు గాయం కన్నా ముందు మా పేటెక్కడో అడిగాడు. తర్వాత 'కింద పడి తగిలిన దెబ్బలు' అని రాసిచ్చాడు. ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగింది మేమొక్కళ్ళమే కాబట్టి ఆ కాగితంలో ఏముందో చిన్నాయనకు మేమే చెప్పాల్సొచ్చింది.

చిత్రహింసల్ని నమోదు చేయడానికి డాక్టర్లు, లాయర్లు కలిసి 1999లో ఇస్తాంబుల్ ప్రోటోకాల్ తయారుచేశారు. మనిషి చెప్పిన కథకు మచ్చ ఎంతమేరకు సరిపోతుందో మెట్లుమెట్లుగా రాయమంటుంది అది. దాని విలువను మేము తక్కువ చేయడం లేదు. కె.వి. కేసులో సుప్రీంకోర్టు ఆధారపడింది కూడా దానిమీదే. కానీ నీళ్ళలో ముంచినా, రోజుల తరబడి నిద్రపోనివ్వకపోయినా ఒంటిమీద మచ్చ పడదు. అప్పుడు మిగిలేది మనిషి మాటే. ఆ మాటనేమో తప్పులు పట్టడానికే వింటారు. మొదటి ఇంటర్వ్యూలో ఒక తేదీ, రెండోదాంట్లో ఇంకో తేదీ చెప్తే అబద్ధాలకోరు కింద లెక్క. కొసావో, బోస్నియాల నుంచి వచ్చి అప్పటికే బ్రిటన్‌లో ఉండనిచ్చిన శరణార్థుల్ని కొన్నాళ్ళ తేడాతో రెండుసార్లు అడిగిచూసిన పరిశోధన 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. అబద్ధమాడాల్సిన అవసరం లేని వాళ్ళ మాటల్లోనూ తేడాలొచ్చాయి. దెబ్బ లోతుగా తగిలినవాళ్ళను ఎక్కువకాలం ఆపి అడిగితే తేడాలు ఇంకా పెరిగాయి. ఆఫీసర్లు కేసులు ఏళ్ళ తరబడి సాగదీస్తారు, ఆ సాగదీతలో చెదిరిన జ్ఞాపకాన్నే మళ్ళీ నేరంగా చూపిస్తారు.

ఈ పనిని ఇంకోరకంగా చేసినవాళ్ళూ ఉన్నారు. 1945లో ఇరవయ్యేళ్ళ వయసులో బెల్సెన్ క్యాంపులో బతికి బయటపడ్డవాళ్ళ మధ్య పనిచేసిన హెలెన్ బాంబర్, 1985లో లండన్‌లో మెడికల్ ఫౌండేషన్ పెట్టింది. ఇప్పుడు దాని పేరు ఫ్రీడమ్ ఫ్రమ్ టార్చర్. 1990ల్లో వాళ్ళు శరణార్థులకు చిన్నచిన్న మడిచెక్కలిచ్చి కూరగాయలు పండించుకోమన్నారు. చేతులు మట్టిలో ఉన్నప్పుడు మాట దానంతటదే వస్తుంది, రాకపోయినా ఫరవాలేదు. ఇది మాకు నచ్చింది. అదే బ్రిటన్‌లో, ఆశ్రయం అడిగిన మనిషి కనీసం పన్నెండు నెలలు కూలిపని కూడా చేసుకోవడానికి వీల్లేదు. ఆ తర్వాత ఇచ్చే అనుమతి కూడా కొన్ని పనులకే. రెక్కల కష్టం మీద బతికిన మనిషిని పని లేకుండా కూర్చోబెట్టి, 'నిద్ర పడుతోందా?' అని అడగడం ఏం వైద్యం?

చిలీలో పినోచెట్ నియంతృత్వం నడుస్తుండగానే ఎలిజబెత్ లీరా, యుజీనియా వైన్‌స్టీన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు ఒక పద్ధతి కనిపెట్టారు. హింసకు గురైనవాళ్ళ మాటల్ని టేపులో పట్టి, రాసి, వాళ్ళతోనే దిద్దించి, వాళ్ళ చేతికే ఇచ్చారు. అది మనసుకు ఊరట, రాజ్యం మీద సాక్ష్యం కూడా. ప్రాణభయంతో 1983లో దాన్ని మారుపేర్లతో ప్రచురించారు. అక్కణ్ణుంచి అది డెన్మార్క్‌లోని శరణార్థుల దగ్గరకు, తర్వాత 2008-09 ప్రాంతంలో మన వారణాసికి వచ్చింది. పీపుల్స్ విజిలెన్స్ కమిటీ ఆన్ హ్యూమన్ రైట్స్ వాళ్ళు పోలీసు దెబ్బలు తిన్న దళితులు, ముస్లింలతో ఈ పని చేశారు. రాసిన గోడును పదిమందిలో చదివి, ఆ మనిషిని సన్మానించి చేతికిచ్చారు.

శరణార్థి గోడు చివరకు ఆఫీసు ఫైలులోకి పోతుంది. వారణాసిలో అది అయినవాళ్ళ చెవిన పడింది. ఈ తేడా చిన్నది కాదు. 1985లో కారంచేడు దళితులు 'ఆ ఊరికి తిరిగి పోం' అని చీరాలలో శిబిరం వేసుకున్నప్పుడు కూడా, వాళ్ళను నిలబెట్టింది నమ్మి పక్కన నిలబడ్డ జనమే. దాన్నెవరూ వైద్యం అనలేదు.

కానీ ఒక చిక్కుంది. 'ట్రామా అనంతర' రుగ్మత అంటారు. ఏది అనంతరం? పరాయి దేశానికి చేరినవాళ్ళకు కొట్టినోడు దూరమైనా, వెనక్కి పంపేస్తారన్న భయం రోజూ ఉంటుంది. మనోళ్ళకు కొట్టినోడు అదే బజార్లో ఎదురుపడుతుంటాడు. సన్మానం అయిపోయాక వాళ్ళు ఇంటికి పోవాల్సింది ఆ బజారు గుండానే. చిత్రహింసల వ్యతిరేక ఒప్పందం మీద భారతదేశం 1997లో సంతకం పెట్టింది, ఇప్పటిదాకా ఆమోదముద్ర వేయలేదు. వారణాసిలో ఇచ్చిన ఆ కాగితాలు వాళ్ళ ఇళ్ళల్లో ట్రంకుపెట్టెల్లోనో, దూలాల సందుల్లోనో ఉండి ఉంటాయి.