సీప్యాప్ చికిత్సలో పీడనం, మాస్కు: ఒక విమర్శనాత్మక పరిశీలన

కొలిన్ సలివన్, ఆయన సహచరులు 1981లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిన వ్యాసం స్లీప్ ఆప్నియా చికిత్సకు మూలగ్రంథం వంటిది. ఐదుగురు రోగులకు 4.5 నుండి 10 సెంటీమీటర్ల నీటి ఎత్తుకు సమానమైన గాలి పీడనాన్ని అందించి, నిద్రలో గొంతు మూసుకుపోకుండా వారు నిలపగలిగారు. ఆ వ్యాస శీర్షిక 'నాసారంధ్రాల ద్వారా' అన్న మాటతో ముగుస్తుంది. తరువాత స్థిరపడిన సీప్యాప్ అనే సంక్షిప్త నామంలో పీడనం మిగిలింది, ముక్కు జారిపోయింది. ఈ లోపం పేరుతోనే ఆగలేదు.

అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2008 మార్గదర్శకాల ప్రకారం పెద్దలకు 4 వద్ద ప్రారంభించి, కనీసం 5 నిమిషాల వ్యవధితో మెట్టుమెట్టుగా పెంచాలి, 20 దాటరాదు. మాస్కు సరిగా అమరాలని అవి చెప్పకపోలేదు. అయినా ఆచరణలో అంకెకు దక్కిన గౌరవం మాస్కుకు దక్కలేదు. అది గాలిని మోసే గొట్టం మాత్రమే అన్న భావన బలపడింది.

వాస్తవం వేరు. ముక్కు మాస్కు వాడినప్పుడు నోటిలో బయటి గాలి పీడనమే ఉంటుంది. అందువల్ల వెనుకనుండి వచ్చే గాలి మృదుతాలువును, నాలుకను ముందుకు నెట్టి దారి తెరుస్తుంది. ముక్కును, నోటిని కలిపి కప్పే మాస్కులో రెండువైపులా పీడనం సమమై ఆ ఊతం సన్నగిల్లుతుంది. పట్టీలు బిగిస్తే కింది దవడ వెనక్కి జరిగి, నాలుక గొంతుకు అడ్డుపడే అవకాశమూ ఉంది. నోరు తెరుస్తున్నాడని పెద్ద మాస్కు, గాలి కారుతోందని బిగింపు, శ్వాస ఆగుతోందని మరింత పీడనం, దానివల్ల మళ్లీ కారడం! ముక్కు పూర్తిగా మూసుకుపోయిన వారికి పెద్ద మాస్కు తప్పదు. కానీ ముక్కుకు వైద్యం చేయకుండా, గాలికి తేమ చేర్చకుండా దానినే తొలి ఎంపిక చేయడం సమర్థనీయం కాదు.

ఇంతచేసి యంత్రాన్ని పక్కన పెట్టిన వ్యక్తికి 'సహకరించని రోగి' అన్న ముద్ర పడుతుంది. అమెరికా మెడికేర్ దృష్టిలో సహకారమంటే 30 రోజులలో 70 శాతం రాత్రులు, రాత్రికి 4 గంటల వాడకం. 2016లో వెలువడిన సేవ్ అధ్యయనంలో 2,717 మంది పాల్గొన్నారు; చికిత్స పొందినవారి సగటు వాడకం 3.3 గంటలే. గుండెజబ్బులు, పక్షవాతం తగ్గలేదన్న దాని ఫలితాన్ని చికిత్స వైఫల్యంగా చదివేవారు, మిగిలిన రాత్రంతా ఆ గొంతులకు ఏ ఆసరా లేదన్న సంగతి విస్మరిస్తున్నారు.

పీడన నిర్ణయ నివేదికలో అంకె పక్కనే మాస్కు రకం, పరిమాణం నమోదు కావాలి. మాస్కు రకం మారితే పాత అంకెను మళ్లీ పరీక్షించాలి.